రాయబారం సీను ఎవరికిద్దాం?

తీర్థం పందిట్లో పెద్దపీట ఏ నటుడిదన్న వాదన గోదావరి జిల్లాల్లో తరాలుగా సాగింది. ఆ వాదనే మన చెవులకు పదును పెట్టింది. ఇప్పుడది మళ్లీ మొదలవ్వాలి.

సంక్రాంతి దగ్గరపడిందంటే డెల్టాలో ఊరూరా ఒక కాగితం చేతులు మారేది. గులాబీ రంగుదో పసుపు రంగుదో పల్చటి కరపత్రం. పైన అమ్మవారి పేరు, దాని కింద లావుపాటి అక్షరాల్లో నాటకం పేరు, ఆ కింద తారాగణం. ఒకటో కృష్ణుడు ఫలానా, రెండో కృష్ణుడు ఫలానా, మూడో కృష్ణుడు ఫలానా. ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులేమిటని ఇంకో సీమవాళ్లు ఆశ్చర్యపోయేవారేమో గానీ ఇక్కడెవరికీ ఆ సందేహం లేదు. ఆ ముగ్గురిలో ఎవరు ఏ సీను కడుతున్నారన్నదే అసలు సంగతి. కరపత్రం పంచిన గంటకల్లా కాఫీ హోటలు బల్లల దగ్గర, రైసు మిల్లు అరుగుల మీద రగడ మొదలయ్యేది.

"ఏవండీ, పడక సీను ఆయనకిచ్చి రాయబారం ఈయనకివ్వడం ఏంటండి? కమిటీ వాళ్లకి చెవులున్నాయా అసలు?"

"రాయబారానికి గొంతొక్కటే సరిపోద్దేంటి మాస్టారూ? పద్యం పడితే ఎదర కూర్చున్న సుయోధనుడు జడుసుకోవాలి. ఆ దమ్ము ఈయనకుందండి, ఆయ్."

ప్రపంచంలో ఎక్కడ సంగీతోత్సవం జరిగినా ఈ తగువు ఉంటుంది. 2008లో ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ ఉత్సవానికి జే-జీ అనే ర్యాప్ గాయకుణ్ణి ప్రధాన గాయకుడిగా ప్రకటిస్తే, ఒయాసిస్ బృందం గిటారిస్టు నోయెల్ గాలఘర్ ఇది గిటారు సంగీతం పండగ, ర్యాప్‌కు ఇక్కడేం పనని పత్రికలకెక్కాడు. అభిమానులు రెండుగా చీలిపోయారు. జే-జీ వేదికెక్కి ఒయాసిస్ వాళ్ల పాటతోనే మొదలుపెట్టి ఆ రాత్రిని తనవైపు తిప్పుకున్నాడు. రాక్ బ్యాండుల్లో ఎవరు గొప్ప, ఆఖరి రాత్రి ఆఖరి వేళ ఎవరికి దక్కాలి అని అక్కడి కుర్రాళ్లు ఎంత ఆవేశంగా కొట్లాడుకుంటారో, రాయబారం కృష్ణుడి కోసం మన తాతలు అంత ఆవేశంగానూ కొట్లాడుకున్నారు. తేడా ఒక్కటుంది. అక్కడ ఒక బ్యాండు దిగాక ఇంకో బ్యాండు ఎక్కి తన పాటలు తాను పాడుకుంటుంది. ఇక్కడ ముగ్గురు మొనగాళ్లు ఒకే రాత్రి, ఒకే పందిట్లో, ఒకే కిరీటం పెట్టుకుని, ఒకే కవుల పద్యాలు పాడాలి. ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో తేల్చుకోవడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు.

ఆ పద్యాలు రాసిన కవులిద్దరూ ఈ నేల బిడ్డలే. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లో కడియంలో పుట్టారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో భీమవరం దగ్గర యండగండిలో పుట్టారు. తిరుపతి వేంకట కవులుగా వాళ్లు రాసిన పాండవ నాటకాల్లో ఉద్యోగం, విజయం అనే రెండింటినీ కలిపి జనం తమ వాడుకలో కురుక్షేత్రం అన్నారు, రాయబారం అన్నారు. పండితులు శతావధానాల్లో చూపించే పట్టును ఆ జంట కవులు బండి తోలేవాడికి కూడా అందేంత తేట తెలుగులో పెట్టారు. కృష్ణుడు నిద్ర నటిస్తుంటే దుర్యోధనుడు తలవైపు, అర్జునుడు కాళ్లవైపు కూర్చునే పడక సీను, హస్తినలో సంధి మాటలు నడిపే రాయబారం సీను అక్షరం రాని రైతుకూలీలకు కూడా నోటికి వచ్చేవి. నటుడు ఒక పాదం మరిచిపోతే పందిరి వెనక నుంచి అందించేవాళ్లుండేవారు.

అంత నాటకాన్ని భరించే సత్తువ ఈ ప్రాంతానికి నీళ్లు ఇచ్చాయి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద వరి పండింది. మాసూళ్లై గాదెలు నిండాక చేతిలో డబ్బూ తీరికా రెండూ ఉండేవి. కొన్నేళ్లకు రాజమండ్రిలో నాటకం మొలిచింది. 1880లో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో తెలుగు నాటకం ఆడించారు. ఆయన పుట్టిన ఏప్రిల్ 16నే ఇవాళ తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. చిలకమర్తి లక్ష్మీనరసింహం గయోపాఖ్యానం రాసిన రోజుల్లో రాజమండ్రిలో ముఖానికి రంగు పూసుకున్న కుర్రాళ్లలో టంగుటూరి ప్రకాశం ఒకరు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో వేషాలు కట్టిన ఎస్వీ రంగారావు, అంజలీదేవి తరవాత సినిమా వాళ్లయ్యారు. ఊరి క్లబ్బులో నెగ్గినవాడు మద్రాసులోనూ నెగ్గాడు. క్లబ్బు ముందు కూర్చున్న ప్రేక్షకుడు అంత గట్టివాడు.

కంట్రాక్టు కట్టిన పందెం

ముగ్గురు కృష్ణుల పద్ధతి కంట్రాక్టు నాటకాల నుంచి వచ్చింది. మొదట్లో సమాజాలుండేవి. ఒక సమాజంలో నటులంతా కలిసి నెలల తరబడి సాధన చేసి ఆడేవారు. జనంలో కొందరి పేర్లు మోగడం మొదలయ్యాక కంట్రాక్టర్లు వచ్చారు. ఒక్కో ఊరి నుంచి ఒక్కో మొనగాణ్ణి పిలిచి, విడివిడిగా ధర కట్టి, ఒకే రాత్రి ఒకే తెర ముందు నిలబెట్టారు. గుంటూరు నుంచి ఒకరు, బందరు నుంచి ఒకరు, విజయనగరం వైపు నుంచి ఒకరు బస్సో రైలో దిగి, మేకప్పు గదిలోనే పలకరించుకుని, రిహార్సలు లేకుండానే తెర ముందుకు వచ్చేవారు. అందరికీ నాటకం కంఠతా వచ్చు గనక బండి నడిచిపోయేది. హార్మోనిస్టుది మాత్రం కత్తి మీద సాము. ఒక కృష్ణుడు దిగి ఇంకో కృష్ణుడు ఎక్కగానే ఆయన శ్రుతి ఏదో, రాగం ఎక్కడ ఎత్తుకుంటారో, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో తెలిసి ఉండాలి. మంచి హార్మోనిస్టు పేరు కూడా కరపత్రంలో వేసేవారు. ఆయన కోసమే వచ్చే శ్రోతలూ ఉండేవారు.

ఈ పద్ధతి నాటకాన్ని చెడగొట్టిందని పెద్దలు చాలామంది బాధపడ్డారు. వాళ్ల మాటలో నిజముంది. కథ పక్కకు పోయి పద్యం పందెంగా మారింది. ఒక్క పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్ అయితే ధర్మరాజూ భీముడూ ఓ మూల చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చేది. బళ్ళారి రాఘవ లాంటి మహానటుడు నాటకంలో పద్యాలను సాగదీసి పాడటాన్ని జీవితాంతం నిరసించారు. నటుడు పాత్రగా మాట్లాడాలి గానీ కచేరీ చేయకూడదన్నది ఆయన పట్టు. 1946లో ఆయన పోయారు. ఆయన వాదన గెలవలేదు, ఓడిపోనూ లేదు. పందిట్లో అభిమానుల మధ్య నడిచిన తగువుకు మూలం అదే: పద్యాన్ని పాడాలా, పలకాలా?

ఈలపాట రఘురామయ్య మొదటి పక్షానికి చక్రవర్తి. గుంటూరు జిల్లా సుద్దపల్లిలో 1901లో కల్యాణం వెంకటసుబ్బయ్యగా పుట్టిన ఆయన కృష్ణ వేషంలో అడుగుపెట్టి, నోట్లో వేలు పెట్టి ఈలతో రాగం తీస్తే వేణువు పట్టుకున్నది చేతిలోనా గొంతులోనా అని జనం మైమరిచేవారు. 1975లో పద్మశ్రీ వచ్చింది, ఆ ఏడే ఆయన కన్నుమూశారు. పడక సీనుకు ఆయన్ను మించినవాడు లేడని ఆయన పక్షం వాళ్లు బల్ల గుద్దేవారు. ఆ సీనులో కృష్ణుడు కొంటెవాడు. మేలుకునీ మేలుకోనట్టు నటిస్తూ ఇద్దరు బంధువులనూ ఆడించేవాడు. అక్కడ తీపి కావాలి. రఘురామయ్య గొంతులో ఉన్నదంతా తీపే.

రెండో పక్షానికి దొరికిన కృష్ణుడు పీసపాటి నరసింహమూర్తి. 1920లో బొబ్బిలి ప్రాంతంలో పుట్టి 2007 దాకా బతికిన ఆ నటుడిలో అభిమానులు మెచ్చింది మాట తేటదనం, పద్యాన్ని అర్థం దగ్గర విరిచే తీరు. యతి దగ్గర ఆగాలా, భావం దగ్గర ఆగాలా అన్న చోట ఆయన భావం వైపు నిలబడ్డారని, కృష్ణుడు ఒక్కొక్క మాట తూచి సభ ముందు పెడుతున్నట్టు ఉండేదని వాళ్లు చెప్పుకునేవారు. ఇక ఈ ఇద్దరి మధ్య షణ్ముఖి ఆంజనేయరాజు, అబ్బూరి వరప్రసాదరావు, ఏ.వి. సుబ్బారావు, ఏలూరు వకీలు బందా కనకలింగేశ్వరరావు, ఒక్కొక్కరికీ ఒక్కో దండు. బందా వారిని మెచ్చినవాళ్లు ఆయన చదువునూ హుందాతనాన్నీ మెచ్చారు. షణ్ముఖి వారి మనుషులు ఆయన రాగాలాపన ముందు ఇంకెవరినీ నిలబడనిచ్చేవారు కాదు. ధర్మరాజంటే అద్దంకి శ్రీరామమూర్తి, దుర్యోధనుడంటే మాధవపెద్ది వెంకట్రామయ్య అన్న విషయంలో మాత్రం అన్ని దండులూ ఒక్కటయ్యేవి.

ఈ తగువులో నాకూ ఒక పక్షముంది, దాచను. రాయబారం సీను పలికేవాడికే ఇవ్వాలి. యుద్ధం తప్పదని తెలిసీ శాంతి అడగడానికి వచ్చినవాడి మాట ఆ సీను. అందులో వేడుకోలుంది, హెచ్చరికుంది, వ్యూహముంది. ఒక పాదంలో బతిమాలుతూ తరవాతి పాదంలోనే రేపటి శవాలను చూపించాలి. అక్కడ మూడు నిమిషాలు ఆలాపన చేస్తే ఆ బెదిరింపు కరిగిపోతుంది. రాగం వద్దని కాదు. పద్యానికి రాగం కావాలి, అది లేకపోతే ఉత్త వచనమే. కానీ రాగం పద్యం వెంట నడవాలి. పడక సీను రఘురామయ్యకూ, రాయబారం పీసపాటికీ ఇచ్చిన కమిటీ ఏదైనా ఉంటే దానికి చెవులున్నట్టే.

తెల్లవారుజాము ఎవరిది?

ఇంకో పేచీ హరిశ్చంద్రుడిది. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్యహరిశ్చంద్రీయంలోనూ వేషాన్ని పంచేవారు. వారణాసి సీను ఒకరికి, కాటి సీను ఒకరికి. కాటి సీను వచ్చేసరికి తూర్పు తెల్లబడుతూ ఉండేది. బందరు డి.వి. సుబ్బారావు ఆ సీనుకు పెట్టింది పేరు. ఆ సీనులో జాషువా శ్మశానవాటి పద్యాలు కూడా పాడతారు. అవి బలిజేపల్లి నాటకంలోవి కావు. వేరే కవి రాసిన ఖండిక, నటుల గొంతు మీదుగా నాటకంలోకి వచ్చింది. జనం వాటిని కోరి అడిగారు గనక అవి అక్కడే నిలిచిపోయాయి. అంటరానితనాన్ని అనుభవించిన కవి రాసిన పద్యాల కోసం అన్ని కులాల జనం తెల్లవారుజామున చలిలో కళ్లనీళ్లు పెట్టుకుని కూర్చోవడం తెలుగు నాటక చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం. ఏ కమిటీ తీర్మానించింది కాదు, శ్రోతలు తేల్చింది.

తెల్లవారేదాకా జనం నిలవడం అన్నిచోట్లా జరగదు. 1969 ఆగస్టులో అమెరికాలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవానికి నాలుగు లక్షల మందికి పైగా వచ్చారంటారు. ఆఖరి వేళ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌ది. వానలతో, ఆలస్యాలతో కార్యక్రమం జరిగి జరిగి ఆదివారం రాత్రి పాడవలసినవాడు సోమవారం పొద్దున తొమ్మిది ప్రాంతంలో వేదికెక్కాడు. అప్పటికి జనంలో ఎక్కువ భాగం వెళ్లిపోయింది. ఆ కాలపు అతి గొప్ప గిటారు వాద్యాన్ని ఎదురుగా కూర్చుని విన్నవాళ్లు మిగిలినవాళ్లే. మన పందిళ్లలో కాటి సీను దాకా చాపలు ఖాళీ అయ్యేవి కావు. పసిపిల్లలు ఒళ్లో నిద్రపోయేవారు, పెద్దవాళ్లు కాదు. లేచి వెళ్లినవాణ్ణి మర్నాడు ఊళ్లో మాట్లాడనిచ్చేవారు కాదు, కాటి సీను విననివాడికి నాటకం గురించి తీర్పు చెప్పే అర్హత లేదన్నట్టు.

శ్రోతల తీర్పు ఎప్పుడూ మంచివైపే పోలేదన్నది కూడా చెప్పాలి. కాకినాడ రచయిత కాళ్ళకూరి నారాయణరావు వేశ్యావృత్తి వల్ల కుటుంబాలు కూలిపోవడం చూసి చింతామణి రాశారు. తీర్థాల్లో అది కురుక్షేత్రంతో సమానంగా ఆడింది. ఆడగా ఆడగా అందులో వైశ్యుడైన సుబ్బిశెట్టి వేషానికి నవ్వుల కోసం లేని మాటలు చేర్చారు, జనం ఈలలు వేశారు, మరిన్ని చేర్చారు. రచయిత ఉద్దేశం అడుగున పడిపోయింది. తమ కులాన్ని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పగా 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నిషేధం పరిష్కారమని నేననుకోను. రాసిన నాటకాన్ని రాసినట్టు ఆడాలని పట్టుబట్టే శ్రోతలు ఉండి ఉంటే వ్యవహారం అంతదాకా వచ్చేది కాదు. వన్స్‌మోర్ అనడం ఎంత అవసరమో, అక్కర్లేనిచోట వద్దనడం కూడా అంతే అవసరం.

పేర్లు లేని పోస్టర్లు

తరవాత ఏమైందో అందరికీ తెలుసు. 1967లో శ్రీకృష్ణావతారం, 1977లో దానవీరశూరకర్ణ తిరుపతి వేంకట కవుల పద్యాలను వెండితెర మీద ఎన్టీఆర్ రూపంలో ఊరూరికీ తీసుకెళ్లాయి. పద్యానికి అది మేలే. కానీ కృష్ణుడంటే ఒక్క ముఖమే అన్న భావన స్థిరపడ్డాక ముగ్గురు కృష్ణులను పోల్చుకునే అలవాటు సడలింది. పందిట్లోకి రికార్డింగ్ డాన్సులు వచ్చాయి, వాటి వెనక సినీ ఆర్కెస్ట్రాలు, వాటి వెనక డీజేలు. ఆర్కెస్ట్రాల మీద నాకు కోపం లేదు. మంచి గాయకులు అక్కడా ఉన్నారు, వాళ్లకూ పొట్టలున్నాయి. కానీ ఇవాళ వాల్‌పోస్టర్ చూడండి. 'భారీ మ్యూజికల్ నైట్' అని ఉంటుంది. పాడేది ఎవరో ఉండదు, ఉంటే ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. కింద దాతల ఫొటోలు మాత్రం నిండుగా ఉంటాయి. పేరు వేయని కార్యక్రమం గురించి జనం వాదించుకునేది ఏముంటుంది?

పూర్తిగా చీకటైపోలేదు. భీమవరంలో మావుళ్లమ్మ ఉత్సవాలు ఏటా సంక్రాంతి వేళ మొదలై దాదాపు నెల్లాళ్లు నడుస్తాయి. నీరుల్లి, కూరగాయలు, పళ్లు అమ్ముకునే వర్తకుల సంఘం వాటిని నడిపిస్తుంది. హరికథ, బుర్రకథ, పద్యనాటకం అక్కడ ఇప్పటికీ వేదికెక్కుతున్నాయి. బజార్లో ఉల్లిపాయలు తూచేవాళ్లు నెల రోజుల కళా ఉత్సవం భారం మోయడం ఈ జిల్లాకే గర్వకారణం. కపిలేశ్వరపురంలోని హరికథా పాఠశాల కథాగానాన్ని చదువుగా నేర్పింది. 1998 నుంచి ఇచ్చిన నంది నాటక బహుమతుల్లో పద్యనాటకానికి విడిగా చోటుంది. గుమ్మడి గోపాలకృష్ణ లాంటి నటులు కృష్ణ వేషాన్ని మన కాలం దాకా తీసుకొచ్చారు. పల్లెల్లో హార్మోనియం ముందు కూర్చుని సీసం, మత్తేభం సాధన చేసే కుర్రాళ్లు ఇంకా ఉన్నారు. పగలు ఆటో తోలేవాళ్లు, బడిలో పాఠం చెప్పేవాళ్లు, రొయ్యల చెరువు మీద కాపలా కాసేవాళ్లు.

వాళ్లకు కరువైనది దయ కాదు, వేళ. చాలాచోట్ల పద్యనాటకానికి సాయంత్రం ఆరు గంటలకు గంటన్నర ఇస్తున్నారు. ముఖ్య అతిథి ఆలస్యమైతే అందులో అరగంట కోత. ఒకటి రెండు సీన్లు ముక్కలుగా కోసి ఆడించి, శాలువా కప్పి పంపించి, జనం నిండే వేళకు ఆర్కెస్ట్రా ఎక్కిస్తున్నారు. మైకులో ఎకో పెంచి పద్యంలో మాట వినపడకుండా చేస్తున్నారు. ఆ పరిస్థితిలో పీసపాటి వచ్చినా నెగ్గలేరు. జనం వినరు గనక వేళ ఇవ్వడం లేదని కమిటీలు చెబుతాయి. వేళ ఇవ్వరు గనకే జనం వినడం లేదు.

రాజమండ్రి ఆనం కళాకేంద్రంలోనో కాకినాడ సూర్యకళామందిరంలోనో మంచి పద్యనాటకం పడిన రోజు వెళ్లి చూడండి. తలనెరిసినవాళ్లే ఎక్కువ, నిజమే. కానీ వాళ్ల పక్కన వచ్చిన మనవడు ఒక పద్యం దగ్గర తలెత్తి చూస్తాడు. "తాతా, ఇందాకటాయన బాగా పాడాడా, ఈయనా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు తాత చెప్పే జవాబులో శ్రుతి ఉంటుంది, యతి ఉంటుంది, పాత్ర ఉంటుంది. నన్నయ ఛందస్సు గురించి బడిలో ఏడాది చెప్పినా ఎక్కనిది ఆ తగువులో పది నిమిషాల్లో ఎక్కుతుంది.

2027లో గోదావరి పుష్కరాలు. రేవుల పనులూ రోడ్ల పనులూ ఎలాగూ జరుగుతాయి. సాంస్కృతిక కార్యక్రమాల జాబితా కూడా ఎవరో ఒకరు ఏదో ఒక గదిలో కూర్చుని రాస్తారు. వాళ్లకు ఈ జిల్లాల శ్రోతల తరఫున నాలుగు కోరికలు. పుష్కరాల్లో ఒక్క రాత్రి ప్రధాన వేదికను పద్యనాటకానికి పూర్తిగా ఇవ్వండి. రాత్రి పది గంటలకు తెర తీసి, తెల్లవారేదాకా ఆడనివ్వండి. మైకు దగ్గర ఎకో తీసేసి, హార్మోనియం పెట్టించండి. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు ఎవరెవరో నెల ముందుగానే పేర్లతో ప్రకటించండి. రాయబారం ఈయనకెందుకిచ్చారని మేం మిమ్మల్ని నిలదీయాలి, అందుకు మాకు నెల రోజులు కావాలి.